పడమటి గోడకి ఇన్సులేషన్ వేసి కిటికీల చుట్టూ వదిలేశారు, ఫిర్యాదు

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్కారం అండి. విజయవాడలో మా ఇంటి పడమటి గోడకి మీ వాళ్ళు ఫిబ్రవరిలో బయటి వైపు ఎండ వేడి ఆపే ఇన్సులేషన్ వేశారు, 50 ఎంఎం థర్మాకోల్ షీట్లు, దానిమీద మెష్ (సన్నటి జాలీ), కోటింగ్, పెయింటు. జూలై నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను, టెక్నీషియన్ వస్తాడు సర్ అనడమే తప్ప వచ్చింది ఒక్కసారే, అందుకే రాసి పంపుతున్నా.

ముందు బాగున్నది చెప్తా. గోడ మధ్యలో నిజంగానే తేడా ఉంది. ఇదివరకు మే నెలలో రాత్రి తొమ్మిదైనా ఆ గోడమీద చెయ్యి పెడితే పెనం ముట్టుకున్నట్టే ఉండేది, మా అమ్మ మంచం గోడకి రెండడుగులు ఇవతలికి లాక్కుని పడుకునేది. మొన్న రోహిణి కార్తెలో కూడా గోడ చల్లగానే ఉంది, కానీ చెయ్యి అలాగే కిటికీ వైపు జరిపితే జానెడు మేర మళ్ళీ అదే సెగ. మూడు కిటికీలకీ అంతే. షీటు కిటికీ అంచుదాకా తెచ్చి ఆపేశారు, అక్కణ్ణించి ఫ్రేము వైపు లోపలికి తిరిగే గోడ మందానికి ఏమీ వెయ్యలేదు, ఉత్త ప్లాస్టరింగ్ మీద రంగు కొట్టేశారు, ఎండ వేడి ఆ పక్కల నుంచే ఇటుకలోకి దిగుతోంది. అక్కడ 50 ఎంఎం పట్టదు, ఫ్రేము మూసుకుపోతుంది, నిజమే, కానీ 20 ఎంఎం ముక్కలైనా పెట్టాలి కదండీ.

వానలు మొదలయ్యాక అసలు బాధ మొదలైంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వచ్చాయి. మధ్య కిటికీ బయటి గట్టుమీద రోజూ పొద్దున్నే తెల్లటి పూసలు రాలి ఉంటున్నాయి, ఏంటా అని చూస్తే చీమలు ఆ పగులులోంచి థర్మాకోల్ గింజల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చి పడేస్తున్నాయి. వేలితో నొక్కితే పెచ్చు ఊడొచ్చింది. లోపల మెష్ కిటికీ చుట్టూ తిన్నగా కోసి వదిలేసి ఉంది, మూలకి అడ్డంగా వెయ్యాల్సిన ఏటవాలు ముక్క లేనే లేదు. లాగుడంతా మూలమీదే పడుతుంది, అది ఈ పని చేసేవాళ్ళకి తెలియని విషయం కాదు. ఫ్రేము పక్క సందులో ఫోమ్ కొట్టి పైన నీళ్ళు దిగకుండా ఆపే సీలెంట్ వెయ్యకుండా వదిలేశారు, అది ఎండకి ముదురు పసుపు తిరిగి పొడిపొడిగా రాలుతోంది. నీళ్ళు అటునుంచి లోపలికి దిగి గదిలో కిటికీ కింద అంతా చెమ్మ.

వచ్చినాయన బిల్డింగ్ కుంగింది, వారంటీ రాదన్నాడు. పన్నెండేళ్ళ ఇల్లు అండీ, లోపల ప్లాస్టరింగ్‌లో వెంట్రుకంత బీట లేదు. కుంగితే మూడు కిటికీలకీ మూలల్లోనే ఒకేలా ఎందుకు పగులుతుంది? పుట్టీ పెట్టి రంగేస్తానన్నాడు, నేను వద్దన్నాను, పైన మూసేస్తే లోపలికి పోయిన నీళ్ళు ఎటు పోతాయి?

కాబట్టి కిటికీల చుట్టూ అడుగు వెడల్పున కోటింగ్ తీసేసి, తడి ఆరనిచ్చి, పక్కలకి సన్న షీటు, మూలలకి మెష్, ఫ్రేము చుట్టూ సీలెంట్ వెయ్యండి. కింది గట్టు కూడా బయటికి వాలుగా ఉండాలి, ఇప్పుడు నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. అక్టోబర్, నవంబర్ తుఫాన్లకి ముందే అయిపోవాలి. మిగిలిన డబ్బులు ఆ పని చూశాకే ఇస్తాను. అన్నట్టు కిటికీలు పై అంతస్తులో ఉన్నాయి, నిచ్చెనతో అవదు, పరంజా సామాను తెచ్చుకోమనండి.