షెడ్డు తలుపు తీసి ఉంచమను

సెయింట్ అగస్టీన్, ట్రినిడాడ్
ఫిబ్రవరి 2025

అమ్మకి, నాన్నగారికి నమస్కారాలు.

ఫోన్లో అయితే సగంలోనే "సరేగానీ, తిన్నావా" అంటావని రాస్తున్నాను. తిన్నాను. యూనివర్సిటీలో పని మామూలే, దిద్దాల్సిన పేపర్లు ఎప్పుడూ ఉంటాయి.

టీవీలో ఇక్కడి ఎమర్జెన్సీ వార్త చూసి అత్త నిన్ను హడలగొట్టిందట. నిజమే, డిసెంబరు చివర్లో పెట్టారు. కానీ కర్ఫ్యూ లేదమ్మా. కార్నివాల్ (ఇక్కడి పెద్ద వీధి పండగ) ముందు ఇక్కడ జనాన్ని ఇంట్లో కూర్చోమనడం ఎవరి తరం? రాత్రిళ్ళు నేను వెళ్ళేది ప్యాన్‌యార్డుకి, అంటే స్టీల్ డ్రమ్ముల బ్యాండు ప్రాక్టీసు చేసే చోటికి, అదీ మా ఓనరమ్మతో, ఆవిడ కార్లో. ఒక్కదాన్నే వెళ్ళను. ఇంక దీని గురించి టెన్షన్ పడకు.

మొన్న వీడియో పంపానే, నూనె డ్రమ్ములతో చేసిన వాయిద్యాలు, అది ఎక్సోడస్ అనే బ్యాండు వాళ్ళ యార్డు. మార్చి 1న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఈ బ్యాండ్ల పోటీ, పనోరమా, ఫైనల్. 1963 నుంచీ జరుగుతున్న పోటీ అది. పెద్ద బ్యాండంటే వంద పైచిలుకు మంది. చాలామంది స్వరాలు రాసిన కాగితం చూడరు, విని పట్టుకుంటారు. నాన్నగారికి చెప్పు, 1880లలో తెల్లదొరలు ఇక్కడివాళ్ళ డోళ్ళ మీద ఆంక్షలు పెడితే వీళ్ళు వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం వేశారట. తర్వాత డబ్బాలు, డ్రమ్ములు వచ్చాయి. ఆయనకి ఇలాంటివి ఇష్టం.

పోటీ కంటే నాకు ప్రాక్టీసే బాగుంటుంది. గేటు తీసే ఉంటుంది, టికెట్టు లేదు. ముసలమ్మలు మడత కుర్చీలు తెచ్చుకుంటారు. ఒక పక్క మొక్కజొన్న సూపు, ఇంకో పక్క డబుల్స్ (మెత్తటి పూరీల్లాంటి వాటి మధ్య శనగల కూర, నీకు నచ్చుతుంది, కారం మాత్రం మన గుంటూరోళ్ళకే చాలు). నేర్పించే ఆయన చెయ్యెత్తి ఆపేస్తాడు. ఒక్క బాస్ (బొంగురు స్వరాల పెద్ద డ్రమ్ములు) వాళ్ళని వాయించమంటాడు. బాగోలేదు, మళ్ళీ. మళ్ళీ. అదే ముక్క అరగంట సాగినా ఎవరూ లేచి వెళ్ళరు. విని విని ఎక్కడ తడబడుతున్నారో వింటున్నవాళ్ళకీ తెలిసిపోతుంది. మొన్న టెనర్ (సన్న స్వరాల డ్రమ్ము) వాయించే పిల్లలకి ఆ చిక్కు ముక్క కుదరగానే యార్డంతా ఒక్కసారి కేక పెట్టింది. నేనూ అరిచాను, నమ్ముతావా. ఇక్కడ నన్నెవరూ కొత్తదానిలా చూడరు. ఆదివారాలు గదిలో గడవక ఏడ్చేదాన్ని కదా, ఇప్పుడు లేదు.

అసలు సంగతి తమ్ముడిది. వాళ్ళ బ్యాండు గోల భరించలేమని పక్కింటి మాస్టారు గొడవ చేస్తే నాన్నగారు షెడ్డుకి తాళం వేస్తానన్నారట. వద్దని చెప్పు. తలుపులు మూసి వాయిస్తే బయటికి మోతే వినిపిస్తుంది, పాట వినిపించదు, ఎవరికైనా చిరాకే. తలుపు తీసి నాలుగు కుర్చీలు వెయ్యమను. ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఆ తర్వాత ఒక్క దెబ్బ కూడా వద్దు. ముందు మాస్టారినే పిలవాలి, అదీ తమ్ముడు స్వయంగా వెళ్ళి, వాట్సాప్‌లో కాదు. ఆయన కుర్రప్పుడు మ్యూజిక్ కాలేజీ మెట్లెక్కినాయన, తప్పు పట్టే అవకాశం ఇస్తే రాకుండా ఉండలేరు. నువ్వు బఠానీలు వేయించి పెట్టు, వీధిలో పిల్లలు వాళ్ళే వస్తారు.

ఒక్కటి మాత్రం తమ్ముడికి గట్టిగా చెప్పు. జనం వచ్చారు కదా అని ప్రోగ్రాం ఇచ్చెయ్యకూడదు. తప్పొస్తే ఆపాలి, అందరి ముందే మళ్ళీ వాయించాలి. మొదట సిగ్గేస్తుంది. కానీ ఉగాదికి స్టేజీ ఎక్కేసరికి ముందు వరసలో సగం మంది తెలిసినవాళ్ళే ఉంటారు, ఏ పాట ఎక్కడ ఎందుకు కష్టమో కూడా వాళ్ళకి తెలుసు. అద్దె హాల్లో తలుపులు బిగించుకుంటే ఇది రాదు. ఫోన్లో రికార్డు చెయ్యొద్దని కూడా ముందే చెప్పమను, సగం తయారైన పాట ఊరంతా తిరుగుతుంది.

డ్రమ్ముల కుర్రాడికి కొత్త కర్రలు కావాలన్నాడట, డబ్బు నేను పంపిస్తాను. నాన్నగారికి చెప్పకు.

నాన్నగారి కంటి ఆపరేషన్ ఏ తారీఖో నువ్వు ఇంకా చెప్పలేదు. దాస్తున్నావా? మీకు పొద్దున్న అయ్యేసరికి నాకు రాత్రి, మెలకువగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి