టైటిల్ కార్డులో పట్టని థాంక్స్

మా సినిమా షూటింగ్ ఒడిసింది, ఇప్పుడు ఎడిటింగ్ నడుస్తున్నది. టైటిల్స్‌ల "కెమెరా", "సౌండ్", "కాస్ట్యూమ్స్" అని రాసి పక్కన పేరేస్తం. ఆ మన నల్లగొండ మనిషి ఏం పని చేసి బతుకుతున్నడో ఆ కార్డు చెప్పదు. మా సినిమా నిలబడ్డదే ఆ పనుల మీద. అందుకే పేర్లు టైటిల్స్‌కు వదిలేసి, ఈడ పనులు రాస్తున్న.

ఇండస్ట్రీల సినిమా పనులన్నిటిని కలిపి 24 క్రాఫ్ట్స్ అంటరు. మా దగ్గర ఒక్కొక్కలు మూడు నాలుగు క్రాఫ్ట్స్ మోసిండ్రు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ల చదివినోళ్ళు ఒక్కరు లేరు.

కెమెరా తమ్ముడు గడియారం సెంటర్ దిక్కు పెండ్లి వీడియోలు తీస్తడు. పెండ్లిల రెండో టేకు ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అయ్యగారి భుజం అడ్డమొస్తే అంతే సంగతి. అప్పగింతలప్పుడు ఎవరు ఏడుస్తరో, ఎవరు ఏడుపు ఆపుకొని పక్కకు జరుగుతరో ముందే కనిపెట్టి నిలబడే పిలగాడు. మా సినిమాల అవ్వ ఎన్నడు కెమెరా ముందు నటించలే, ఒక్క మాట రెండుసార్లు ఒక్కతీర్గ చెప్పదు. రిహార్సల్ అని మొదలుపెట్టినప్పుడే ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. తమ్ముడు అప్పటికే రికార్డ్ నొక్కి ఉన్నడు. పొద్దుమీకి కెమెరా మెమరీ కార్డులు రెండు హార్డ్ డిస్కులల్ల ఎక్కియ్యందే అన్నం ముట్టకపోయేది. పెండ్లి ఫుటేజీ పోతే పిల్ల తరఫోళ్ళు ఏం చేస్తరో తెలిసినోడు మరి!

లైటింగ్ చూసిన అన్నది మోటర్ వైండింగ్ షాపు. మేం తీసిన పాత పెంకుటింటి వైరింగ్ చూసి "ఒక్క బోర్డు మీద రెండు పెద్ద లైట్లు పెడ్తే ఇల్లే కాలుతది" అన్నడు. వెయ్యి వాట్ల లైటు 230 వోల్టుల మీద 4 ఆంపియర్లకు పైనే గుంజుతది, ఆ ఇంట్ల ప్లగ్గులేమో 5 ఆంపియర్లవి. మీటర్ కాడి నుంచి వేరే లైను గుంజి, ఎర్తింగ్ ఇచ్చినంకనే మమ్మల్ని లైటు ముట్టనిచ్చిండు.

ఈ అన్న చేసిన మేలు సౌండ్‌ల ఇంకా పెద్దది. మేం డబ్బింగ్ వద్దనుకొని సింక్ సౌండ్‌ల తీసినం, అంటే నటించేటప్పుడే మాటలు రికార్డయితయి. ఊరేమో పానగల్లు దిక్కు, చుట్టూ వరి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చినంక మోటర్లు పగటీలి ఎప్పుడంటే అప్పుడు నడుస్తయి. రైతుకు మంచిదే, మైకుకు గాదు. సౌండ్ తమ్ముడు హెడ్‌ఫోన్‌ల "గుయ్యి"మంటుంది అనంగనే, అన్న చెవి పెట్టి విని, అది ఇంట్లె ఫ్రిజ్జా, పక్కింటి నీళ్ళ మోటరా, పొలం కాడి మోనోబ్లాక్ మోటరా చెప్పేది. పొలందైతే తనే గట్ల మీదికెల్లి పోయి, రైతును బతిమాలి స్టార్టర్ బంద్ చేపిచ్చి వచ్చేది. నీళ్ళు పారే టైంల మోటర్ ఆపిన ఆ రైతులకు దండం.

సౌండ్ తమ్ముడు హైదరాబాద్‌ల కాల్ సెంటర్ క్వాలిటీల చేస్తడు. దినమంతా మంది మాట్లాడుకున్న కాల్సే వింటడు. మాట ఆఖరు అక్షరం మింగితే మాకు తెల్వకపోయేది, ఆయన పట్టుకునేది.

కంటిన్యుటీ, అంటే ఒక షాటుకు ఇంకో షాటుకు ఏదీ మారకుండ చూసే పని, అంగన్‌వాడీ టీచరమ్మ చూసింది. పిల్లల బరువులు, గుడ్లు, బాలామృతం రిజిస్టర్లల్ల ఎక్కించే చెయ్యి అది. చివరి సీను ముందు, మొదటి సీను తర్వాత తీస్తుంటే, గ్లాసు ఏ చేతుల ఉండె, చాయ్ ఎంత మిగిలె, కొంగు ఏ భుజం మీద ఉండె, అంతా గళ్ళు గీసిన నోట్‌బుక్కుల ఉన్నది. ఎడిటింగ్‌ల మాకు ఇప్పుడు అదే రామాయణం.

అవ్వ కట్టిన పాత చీర పుట్టపాక నేతన్న తయారు చేసిచ్చిండు. నూనె, ఆముదం కాయల బూడిద నీళ్ళల్ల నూలు నానబెట్టే ఊరు గదా, రంగు ఎట్ల పడ్తదో ఎట్ల పోతదో వాళ్ళను అడగాలె. కొత్త చీరను ఇరవై ఏండ్లు కట్టిన చీరలెక్క చేసి, పైసలు తీసుకోలే.

లెక్కలు, బండ్లు, తిండి రిటైర్ అయిన ఆర్టీసీ కండక్టర్ బాపు చూసుకున్నడు. రూపాయి పోలే, ఎవరికి చిల్లర బాకీ లేదు.

మోటర్లు ఆపిన రైతుల పేర్లు ఎండ్ టైటిల్స్‌ల ఏస్తున్నం. బాపు దగ్గర లిస్ట్ ఉన్నది. ఎవరి పేరన్న తప్పిపోతే ఆయనకు చెప్పుండ్రి, ఫైనల్ కాపీ ఇంకా బయటికి పోలే.