శిరోధార బల్ల మీద ఫైళ్లున్నాయి, మంత్రిగారూ!

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మా ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో అమ్మకు రాసిన శిరోధార, అంటే నుదుటి మీద నూనె ధారగా పోసే చికిత్స, గురించి ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ రసీదులొచ్చాయి, జవాబు రాలేదు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి మాత్రం 'పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తాగారు అదే ప్రశ్న నన్నడిగారు.

నాన్న పోయిన దగ్గర్నుంచీ అమ్మకు నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో డబ్బాలు సర్దుతుంటుంది. గుండె దడ, కడుపులో మంట, అన్నం సయించదు. పరీక్షలన్నీ చేయించాం. గుండె బాగుంది అన్నారొకరు, కడుపు బాగుంది అన్నారొకరు, టెన్షన్ తగ్గించుకోమన్నారు ఇంకొకరు. ఎలా తగ్గించుకోవాలో రాసివ్వలేదు.

ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్కరే ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడించారు. నాడి చూశారు. ఆకలి ఎప్పుడేస్తోంది, కలలేమొస్తున్నాయి, ఆయన గురించి ఎవరితోనైనా చెప్పుకుంటున్నారా అని అడిగారు. దుఃఖంతో వాతం ప్రకోపిస్తుందని, జఠరాగ్ని చెదిరితే మనసూ కుదురుగా ఉండదని అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది. మందు ఇంకా మొదలుపెట్టనే లేదు.

సారస్వతారిష్టం అనే తాగే మందు, పద్నాలుగు రోజుల శిరోధార రాశారు. కథ అక్కడే ఆగింది. అరిష్టం స్టాక్ లేదంటే బయట కొన్నాం, పోనీండి. శిరోధార చేసే మనిషే లేరు. ఆ పోస్టు ఖాళీ. గదికి తాళం. కిటికీ రెక్క సందులోంచి చూశాను. మనిషి పడుకోవాల్సిన చెక్క ద్రోణి నిండా ఫైళ్ల కట్టలు, పక్కన బోర్లించిన ధారాపాత్ర, దాని అడుగు చిల్లులోంచి బయటికొచ్చిన వత్తి దుమ్ముపట్టి నల్లబడింది. ఆ గది తలుపు మీదే సుశ్రుతుడి శ్లోకం అందంగా రాయించారు: 'ప్రసన్నాత్మేంద్రియమనాః స్వస్థ ఇత్యభిధీయతే'. ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉన్నవాడే ఆరోగ్యవంతుడట. తాళం సరిగ్గా 'స్వస్థ' కింద పడింది.

తర్వాత ఆ డాక్టరమ్మనీ డిప్యుటేషన్ మీద వేరేచోటికి పంపారు. వారానికి రెండు రోజులే వస్తారు, ఆ రెండు రోజులూ మీటింగులు.

మనసుకి మందుతో పాటు మాట కూడా చికిత్సేనని చరకుడు సత్త్వావజయం పేరుతో చెప్పాడని మీకు నేను చెప్పక్కర్లేదు, జూన్ 21న యోగా దినోత్సవం నాడు మీ ఉపన్యాసంలో మీరే చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆయుర్వేదంలో మానసరోగాల పీజీ చేసినవాళ్లను కూడా మానసిక ఆరోగ్య నిపుణులుగానే లెక్కేసింది. అలాంటి ఒక్కరినైనా మా ఆసుపత్రికి ఎందుకు వేయరు? ఆయుర్వేదంతో అన్నీ నయమైపోతాయని నేను అనడం లేదు. అమ్మ బీపీ మాత్ర ఇప్పటికీ వేసుకుంటోంది. రాసిన వైద్యం చేయించండి అంటున్నానంతే.

గది తాళం తీయించండి సార్. మనిషిని వేయండి. డాక్టరమ్మను వెనక్కి పంపండి. ముందు ఆ తాళం తీయించండి. ఫైళ్లు పెట్టుకోవడానికి చోటు లేకపోతే మా ఇంట్లో నాన్న బీరువా ఖాళీగానే ఉంది, ఆటోలో వేసుకుని నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
మీ పాత అర్జీదారు