ఆ పట్టీ సంగతి

ప్రియమైన సుజాతా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నానే. వరసగా మూడు నైట్లు, ముప్పై మంది పేషెంట్లకు నర్సులు మీరిద్దరే, అది చాలదన్నట్టు పేషెంటు తాలూకు వాళ్లు మీ అటెండర్ మీద చెయ్యి చేసుకోవడం. "ఎవరితో చెప్పుకోవాలే" అన్నావు చూడు, ఆ మాట మనసులోంచి పోవట్లేదు.

ఇక్కడ ఇంగ్లండులో మా హాస్పిటల్లో నెలకోసారి ష్వార్ట్జ్ రౌండ్ పెడతారు. కేస్ షీట్లు పట్టుకుని పెద్ద డాక్టర్ వెనక తిరిగే రౌండ్ కాదిది. ముందు భోజనం పెడతారు. తర్వాత డాక్టర్లు, నర్సులు, ట్రాలీ తోసేవాళ్లు, ఆఫీసువాళ్లు గంటసేపు కలిసి కూర్చుంటారు. ముగ్గురో నలుగురో తమను వదలని ఒక పేషెంటు సంగతి చెప్తారు. ఎవరూ సలహాలివ్వరు, తప్పెవరిదో తేల్చరు. వింటారు, అంతే.

ఆ పేరు కెన్నెత్ ష్వార్ట్జ్ అనే ఆయనది, అమెరికాలో బోస్టన్ లాయరు. 40 ఏళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడి, 1995లో పోయాడు. ఆపరేషన్‌కు ముందు వివరాలు రాసుకుంటున్న నర్సు, ఇతనికి క్యాన్సర్ బాగా ముదిరినట్టుందని విని, మెత్తబడి చెయ్యి పట్టుకుందట. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. 1997లో అక్కడ మొదలైన ఈ రౌండ్లు 2009లో ఇక్కడికొచ్చాయి.

మొన్న నన్ను చెప్పమన్నారు. నా మొదటి ఉద్యోగంలో ఒక డెంగీ పాప తెల్లవారుజామున పోయింది. నేను ఏడుస్తుంటే, "బెడ్ రెడీ చెయ్యి, ఇంకో కేసు వస్తోంది" అన్నారు. దుప్పటి దులిపితే వెండి పట్టీ ఒకటి జారిపడింది. రెండు మువ్వలే మిగిలాయి దానికి. గేటు దాకా పరిగెత్తాను. వాళ్ల ఆటో వెళ్లిపోయింది. పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

నా తర్వాత ట్రాలీ తోసే ఒకాయన మాట్లాడాడు. అక్కడి మాట ఆ గది దాటకూడదు కాబట్టి ఏమన్నాడో రాయను. బయటికొచ్చేసరికి నాకోసం టీ పోసి ఉంచాడు.

అలాగని మాటలతోనే అంతా తీరిపోదే. కాలిఫోర్నియాలో మామూలు వార్డులో ఒక నర్సుకు ఐదుగురు పేషెంట్లకు మించకూడదని రూలుంది. ముప్పై మందికి ఇద్దరన్న లెక్క మార్చకుండా, కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలనుకోవడం అన్యాయం. స్టాఫ్ కోసం, గేటు దగ్గర సెక్యూరిటీ కోసం అడగడం మానకండి. హాస్పిటల్ వాళ్ల మీద దాడులు ఆపడానికి మన దగ్గర 2008 నుంచీ చట్టం ఉంది. ఆ కొట్టినవాళ్ల మీద మీ హాస్పిటలే కేసు పెట్టాలని అడగండి, ఆ అటెండర్ అబ్బాయిని ఒంటరిగా స్టేషన్‌కు పంపకండి.

ఈలోగా ఒక మధ్యాహ్నం డ్యూటీ రూములో క్యారియర్లు విప్పి, అతన్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. దెబ్బలు తగిలాయన్నావు గానీ, ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో చెప్పలేదు. కనుక్కుని రాయవే.

నీ
మాధవి