అలీజియంట్ వెనక్కి తెస్తున్నవాళ్లకు మా షాపు మాట

బ్రాడీపేట షాపుకు వచ్చే మీ అందరికీ నమస్కారం.

ఈమధ్య మా కౌంటరు దగ్గర రోజూ నడుస్తున్న గొడవ వెరోనికా రాత్ రాసిన డైవర్జెంట్ సెట్టులోని మూడో పుస్తకం గురించే. టెన్త్, ఇంటర్ పిల్లలు మొదటి రెండూ ఊపిరి సలపకుండా చదివేసి, ఈ అలీజియంట్‌ని మాత్రం మొహం వేలాడేసుకుని తెచ్చిస్తున్నారు. డబ్బులు వెనక్కిమ్మని కొందరు, అసలు దాన్ని అమ్మడమే మానెయ్యమని కొందరు. నా మాటేంటో అందరికీ ఒకేసారి చెబుతున్నాను. ముగింపు బయటపెట్టక తప్పదు, కాబట్టి ఇంకా చదవనివాళ్లు నేరుగా చివరి రెండు పేరాలకు వెళ్లిపోండి.

2013 అక్టోబరులో ఈ పుస్తకం వచ్చినప్పుడు అమెరికాలోనూ పాఠకులు ఇలాగే మండిపడ్డారు. కథానాయిక ట్రిస్ చనిపోతుంది మరి. అన్న కేలబ్ వెళ్లాల్సిన చోటికి తను వెళ్లి, ప్రాణాలు తీసే సీరమ్‌ని కూడా తట్టుకుని, చివరికి తుపాకీ గుండుకు పడిపోతుంది. మొదటి పుస్తకం వచ్చిన 2011 నుంచి ఆ అమ్మాయి వెంట నడిచినవాళ్లకు కడుపు రగలడం సహజం.

నా మట్టుకు ఆ చావు తప్పనిపించలేదు. ట్రిస్ పుట్టిందే ఎదుటివాళ్ల కోసం బతకాలనే అబ్నెగేషన్ వర్గంలో. మొదటి పుస్తకంలో అమ్మా నాన్నా ఇద్దరూ ఆమెను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాకు చిరాకు తెప్పించినవి వేరే. మొదటి రెండూ ట్రిస్ గొంతులోనే నడుస్తాయి. మూడోదాంట్లో ఆమె కొన్ని అధ్యాయాలు, ఆమె ప్రేమించిన టొబయస్ కొన్ని అధ్యాయాలు చెబుతారు. ఇద్దరి మాటతీరూ ఒక్కటే, పైన పేరు చూసుకుంటే తప్ప ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. పైగా ఊరి చుట్టూ ఉన్న కంచె దాటి ఓహేర్ ఎయిర్‌పోర్టుకి చేరగానే, మనం అంత ఇష్టపడిన ఐదు వర్గాల షికాగో మొత్తం జన్యువుల మీద జరుగుతున్న ప్రయోగమని తేలుతుంది. అక్కడి నుంచి కథ తగ్గిపోయి, వివరణలు పెరిగిపోతాయి.

వెనక్కొచ్చిన కాపీలు తిరగేస్తే బాధేస్తుంది. ఒకదాంట్లో ట్రిస్ పోయిన పేజీలో పెన్సిల్‌తో గట్టిగా గీత గీసి ఉంది. అక్కడిదాకా మూలలు మడతలు పడి ఉన్నాయి, ఆ తర్వాతి పేజీలు కొత్తగా అలాగే ఉన్నాయి. కానీ పుస్తకంలో బాగా రాసినవి ఆ పేజీలే! ఎత్తులంటే వణికిపోయే టొబయస్, రెండున్నరేళ్ల తర్వాత హాన్‌కాక్ బిల్డింగ్ మీది నుంచి తీగ మీద జారుతూ ఆమె అస్థికలు గాలిలో కలుపుతాడు. మధ్యలో ఆపేసినవాళ్లు దయచేసి అదొక్కటి చదవండి.

అమ్మడం మాత్రం మానను. సినిమాలు చూసి వచ్చేవాళ్లకు ఈ కథ ముగింపు తెలిసే దారి ఈ పుస్తకమే. మూడో పుస్తకాన్ని రెండు సినిమాలుగా తీద్దామనుకున్నారు, 2016లో వచ్చిన మొదటి భాగం సరిగా ఆడకపోయేసరికి రెండోది తీయనేలేదు. అయితే సెట్టు మొత్తం కొనాలన్న నియమం ఇక ఉండదు. విడి కాపీలు తెప్పిస్తున్నాం, మొదటిది చదివి నచ్చితేనే మిగతావి తీసుకోండి. ముగింపు ముందే చెప్పమని తల్లిదండ్రులు అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాం.

చదివేసిన పుస్తకానికి పూర్తి డబ్బు ఇవ్వలేనండి. పంపిణీదారు దాన్ని వెనక్కి తీసుకోరు, ఆ నష్టం మొత్తం షాపు మీదే పడుతుంది. నెలలోపు తెస్తే సగం ధర ఇస్తాం, ఆ కాపీని అద్దె పుస్తకాల్లో పెడతాం. బిల్లు పోయినా ఫర్వాలేదు, మొదటి పేజీలో మా స్టాంపు ఉంటే చాలు. లోపల పెన్సిల్ గీతలున్నా తీసుకుంటాం, పేజీలు చిరగకుండా ఉంటే సరి.