మా పాత ఫోర్డ్ చప్పుడు కనిపెట్టిన పెద్దాయనకు

మా 1930 ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజన్‌లో మూడు నెలలుగా వస్తున్న టకటక చప్పుడు పోయిన శనివారంతో ఆగింది. ఆపింది మా వీధి చివర ఉండే పెద్దాయన. మేముండేది మిషిగన్‌లో, ఈ ఇంజన్లు తయారైన డియర్‌బోర్న్‌కి దగ్గరలోనే. ఆయనకు తెలుగు రాదు. ఇది చదివి ఇంగ్లీషులో చెప్పే పని మా చిన్నవాడు తీసుకున్నాడు.

అంతకుముందు ఒక గ్యారేజీలో చూపిస్తే రెండు నిమిషాలు విని, "కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయింది, ఇంజన్ దించాలి" అన్నారు. పిస్టన్‌ని క్రాంక్ అనే తిరిగే ఇరుసుకి కలిపే రాడ్ చివర ఉండేదే ఈ బేరింగ్. ఇప్పటి బండ్లలోలాగా తీసి మార్చే బేరింగులు ఇందులో ఉండవు. బాబిట్ అనే మెత్తటి లోహాన్ని కరిగించి రాడ్‌లోనే పోసి, క్రాంక్‌కి సరిపడేలా చెక్కాలి. ఆ పని వచ్చినవాళ్లు తక్కువ, ఖర్చు చాలా ఎక్కువ. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

పెద్దాయన వచ్చీరాగానే పానా పట్టుకోలేదు. గంటసేపు విన్నారు, అంతే. స్టీరింగ్ దగ్గర ఎడమవైపు ఉండే మీట పైకి నెట్టి, పెట్రోల్‌ని మండించే స్పార్క్ ఆలస్యం చేశారు. చప్పుడు మారలేదు. అంటే స్పార్క్ ముందే పడి ఇంజన్ కొట్టుకోవడం కాదు. తర్వాత చెక్కపిడి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో స్పార్క్ ప్లగ్గునూ షార్ట్ చేసి, ఆ సిలిండర్ మండకుండా ఆపుతూ వెళ్లారు. రాడ్ బేరింగ్ వదులైతే ఆ సిలిండర్ మండడం ఆగగానే దెబ్బ తగ్గాలి. నాలుగింటిలో ఏది ఆపినా అదే టకటక! నా ప్రాణం లేచొచ్చింది అక్కడే.

చివరికి ఒక చీపురు కర్ర తెచ్చి, ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టమన్నారు. వాల్వుల వైపు మామూలు చప్పుడే. ముందున్న టైమింగ్ గేర్ల మూత మీద పెట్టేసరికి సుత్తితో కొట్టినట్టు వినిపించింది.

రేడియేటర్ దించి మూత విప్పాం. వాల్వుల్ని తెరిచే ఇరుసు క్యామ్‌షాఫ్ట్, దాని గేర్ పళ్లు అరిగిపోయి ఉన్నాయి. ఇనుముతో ఇనుము కొట్టుకుంటే మోత అని, ఫోర్డ్ వాళ్లు ఆ ఒక్క గేర్‌ని రెసిన్ అనే గట్టిపడే జిగురు పట్టించిన గుడ్డ పొరలతో చేశారట. మోత తగ్గించడానికి పెట్టిన గేరే అరిగి మోత పెట్టింది. కొత్తది బిగించే ముందు రెండు గేర్ల మీది గుర్తులు ఎదురెదురుగా వచ్చాయో లేదో ఆయన మూడుసార్లు చూశారు, నా చేత కూడా చూపించారు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. అరిగిన గేర్ మాత్రం అడిగి పట్టుకెళ్లారు. మూడు శనివారాలు మాకోసం కేటాయించిన ఆయనకు, అంతసేపూ లైటు పట్టుకుని నిలబడ్డ మా ఆవిడకు మనసారా కృతజ్ఞతలు.

వాల్వుల దగ్గర సన్నగా టిక్కుటిక్కు ఇంకా వస్తోందని నిన్న ఆయనతో అన్నాను. మళ్లీ వచ్చి, కర్ర పెట్టి విని, "అది ఉండాలి, వదిలెయ్" అన్నారు.