ముందు ఆ డబ్బా పక్కకు పెట్టు

హన్మకొండ,
ఆదివారం పొద్దుగాల

అరేయ్ న్యూజిలాండ్ ఒటాగో దొరా,

జవాబు రాయనీకి నెల దాటింది, ఎంత తిట్టుకుంటవో తిట్టుకో. ఇక్కడ అందరం మంచిగున్నం. ఎనుమాముల యార్డుల మిర్చి కుప్పలు పోస్తున్నరు, ఎండలు మొదలైనయ్, మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. ముచ్చట్లు అయిపోయినయ్.

ఇగ అసలు సంగతి. ఫామ్ ఓనర్ కుందేళ్ళను కొట్టనీకి .22 రైఫిల్ (.22 అంటే గొట్టం రంధ్రం కొలత), మూడు రకాల తూటా డబ్బాలు ఇచ్చిండని రాసినవ్. కింద ఒక ముక్క గీకినవ్: "అన్నీ ఇరవై రెండే కదా, ఏదైతేంది?" గది చదివినప్పటి సంది నాకు అన్నం సయిస్తలేదు. ఫోన్ల చెప్తే ఊఁ ఊఁ అని ఇడిసిపెడ్తవ్. అందుకే కాగితం. బీరువ తలుపుకు అంటించుకో.

మ్యాగ్నమ్ అని రాసి ఉన్న డబ్బా ఉంది చూడు, దాన్ని ముందు పక్కకు పెట్టు. నీ రైఫిల్ గొట్టం మీద ఏం చెక్కి ఉందో చదువు. ".22 ఎల్ఆర్" అని ఉంటే లాంగ్ రైఫిల్ తూటాలే. దాని కేస్ (మందు ఉండే ఇత్తడి డొప్ప) 5.7 మి.మీ. లావు, 15.6 మి.మీ. పొడుగు. మ్యాగ్నమ్ కేస్ 6.1 లావు, దగ్గర దగ్గర 27 పొడుగు. నీ చాంబర్ల (గొట్టంల తూటా కూసునే జాగ) పట్టదు, బోల్టును (తూటాను లోపలికి నూకే కడ్డీ) బలవంతంగ నూకకు. అసలు ప్రమాదం తిప్పి చూస్తే ఉంది: మ్యాగ్నమ్ రైఫిల్ల ఎల్ఆర్ తూటా వదులుగ జారిపడుతది, పేలుతది కూడ. కేస్ చిట్లి వేడి గ్యాస్ మొఖం మీదికి కొడుతది. ఆ డబ్బా ఆయనింట్ల ఉన్నదంటే రెండో రైఫిల్ కూడ ఎక్కడనో ఉండే ఉంటది, అడుగు.

రెండో డబ్బా మీద మనసు పడ్డవని తెలుసు. 32 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) గుండు, సెకనుకు 500 మీటర్లు! కాజీపేట గేటు కాడ లూనా బుద్ధి ఇంకా పోలే నీకు. (అది గుర్తుందా? చైను... సరే వద్దు.) వేగం ఉంటే సరిపోదురా. తేలిక గుండు జల్ది వేగం పోగొట్టుకుంటది. పైగ గీ రకం కొన్నిటి కేస్ మామూలు ఎల్ఆర్ కంటె కొంచెం పొడుగు. మ్యాచ్ చాంబర్ (పోటీల కోసం బిగుతుగ చేసింది) ఉన్న రైఫిల్ల వాడొద్దని కంపెనీలే డబ్బా మీద రాస్తయ్. ఇంకొకటి, రైఫిల్‌కు సైలెన్సర్ బిగిచ్చి ఉందన్నవ్. గుండు ధ్వని కంటె జోరుగ పోతే గాలిల టప్పుమని చప్పుడొస్తది, సైలెన్సర్ ఆ చప్పుడునేం చేయలేదు. ఒక్క దెబ్బకు మడి మొత్తం కుందేళ్ళు బొరియలల్ల దూరుతయ్.

కొట్ల దొరికే మామూలు హై వెలాసిటీ (వేగం ఎక్కువ) రకం, అంటే 40 గ్రెయిన్లు, సెకనుకు 380 మీటర్లు, గది కూడ మధ్యరకం పీడ. వంద మీటర్లు చేరకముందే ధ్వని వేగం కిందికి దిగుతది, దిగే కాడ కుదుపు. అడ్డంగాలికి నిదానపు గుండు కంటె ఇదే ఎక్కువ పక్కకు పోతది. నమ్మబుద్ధి కాదు గని నిజం.

ఇగ మూడో డబ్బా, సబ్‌సోనిక్ (ధ్వని కంటె నిదానంగ పోయేది) హాలో పాయింట్ (ముక్కుకు గుంట ఉన్న గుండు), 40 గ్రెయిన్లు, సెకనుకు 320 మీటర్లు: నీకు అదే. మీకు చలికాలం వస్తుంది కదా. సున్నా డిగ్రీల కాడ ధ్వని వేగం సెకనుకు 343 మీటర్ల నుంచి 331కి దిగుతది. అందుకే "స్టాండర్డ్" అని అమ్మే 326 రకాన్ని నమ్ముకోకు, మంచు రాత్రుల్ల అది అప్పుడప్పుడు టప్పుమంటది.

ముక్కు నున్నగున్న సాలిడ్ గుండు కొనకు, రాయికి, గడ్డగట్టిన నేలకు, నీళ్ళకు తగిలి ఎగురుతది. హాలో పాయింట్ కూడ ఎగరదని కాదు, తక్కువ, గంతే. ఎల్ఆర్ గుండు మైలున్నర దాకా పోతదని డబ్బాల మీద ఉంటది. గుట్ట అంచు మీద కుందేలు నిలబడితే వెనక ఆకాశమే, కొట్టకు.

60 గ్రెయిన్ల బరువు గుండ్లు వేరే ఉంటయ్, వాటి జోలికి పోకు. గుండును 16 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే మామూలు గొట్టంల అవి నిలకడగ తిరగవు. గురి కాగితం మీద అడ్డం రంధ్రాలు పడ్డయంటే గుండు అడ్డం తిరిగినట్టే, సైలెన్సర్ లోపలి పళ్ళాలకు తగలొచ్చు.

ఇగ పరీక్ష. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు గుండు మీది మైనం గొట్టంల కొత్తగ పూత పట్టాలె, మొదటి 10 దెబ్బలు లెక్కపెట్టకు. తర్వాత 50 మీటర్ల కాడ, గాలి లేనప్పుడు, ఇసుక సంచి మీద ఆనిచ్చి 5 దెబ్బల గ్రూపులు 5 కొట్టు. ఒక్క మంచి గ్రూపు చూసి మురువకు, అది అదృష్టం. అన్నీ మన పది రూపాయల బిళ్ళ కింద, అంటే 27 మి.మీ. లోపల దాగాలె. కుందేలు తలల నీకు దొరికే జాగ గంతే. సైలెన్సర్ పెట్టే కొట్టు, అది పెట్టినా తీసినా దెబ్బ తగిలే జాగ జరుగుతది. కుదిరినంక అదే లాట్ నంబరుయి (ఒక్క విడతల చేసినయి) 500 ఒక్కసారే తెచ్చుకో. కంపెనీ ఒకటే అయినా లాటు మారితే గ్రూపు మారుతది.

50 మీటర్లకు గురి సర్దుకున్న సబ్‌సోనిక్ 75 మీటర్లకు నాలుగు వేళ్ళు, 100కు దాదాపు జానెడు కిందికి దిగుతది. 60 దాటి కొట్టకు. గాయపడి బొరియల దూరిన జీవి... నువ్వు కోడిని కోయనియ్యవు, నీకేం చెప్పాలె.

తూటాలు జేబుల ఒట్టిగ పోసుకోకు, మైనానికి దుమ్ము అంటి గొట్టం గీరుకపోతది. ట్రిగ్గర్ నొక్కితే పేలకుంటే గొట్టం గురి దిక్కే ఉంచి 30 సెకండ్లు ఆగి అప్పుడు బోల్టు తియ్యి. కొన్నిసార్లు కేస్ అంచుల మందు సమంగ పరుచుకోక లేటుగ అంటుకుంటది. "ఫుస్స్" అని చిన్న చప్పుడొస్తే ఆపెయ్. గుండు గొట్టంలనే ఇరికి ఉండొచ్చు. ఖాళీ చేసి, బోల్టు తీసి, వెలుతురుకు పెట్టి చూడు. చూడకుండ రెండోది కొడితే గొట్టం ఉబ్బుతది, లేకుంటే

ఆటో హారన్ కొడుతున్నడు, మీ అక్క కొడుకు ఉరుకుతున్నడు. సకినాలు, పచ్చడి పంపిన, ఎయిర్‌పోర్టుల దాచొద్దు, డిక్లేర్ చెయ్యమని చెప్పిన. మ్యాగ్నమ్ డబ్బా పక్కకు పెట్టినవా?

నీ
గేటు సాక్షి